యంత్రం నడిపే కంప్యూటర్‌కు ఏ ఆపరేటింగ్ సిస్టమ్? రియల్‌టైమ్ నియంత్రణకు అంచెలంచెలుగా ఎంపిక

సీఎన్‌సీ రౌటర్ (కంప్యూటర్ నడిపే కోత యంత్రం) కావచ్చు, రోబో చెయ్యి కావచ్చు, సర్వో మోటార్లతో నడిచే ప్యాకింగ్ యంత్రం కావచ్చు. కంట్రోలర్ పని మొదలుపెట్టగానే అందరూ ముందు అడిగేది “ఏ ఓఎస్ వేద్దాం?” అని. అది చివర అడగాల్సిన ప్రశ్న. యంత్రంలో ఏ పని ఎంతసేపట్లో జరిగి తీరాలి, గడువు ఒక్కసారి తప్పితే ఏమవుతుంది, ఆ పనుల్లో ఎన్నింటిని ఓఎస్ దాకా రానివ్వకుండా హార్డ్‌వేర్‌తోనే చేయించవచ్చు? ఈ మూడూ తేలాక మిగిలే ఓఎస్‌లు రెండో మూడో. వాటిలో ఏది నిలబడుతుందో మీ బల్ల మీదున్న కంప్యూటర్‌లోనే కొలిచి తేల్చుకోవాలి.

రియల్‌టైమ్ అనగానే చాలామంది వేగం అనుకుంటారు. వేగంతో దానికి పెద్దగా పని లేదు. పిలిచిన ప్రతిసారీ చెప్పిన గడువులోపు పలకడమే రియల్‌టైమ్. సగటున 5 మైక్రోసెకండ్లలో స్పందించే కంప్యూటర్ గంటకోసారి 3 మిల్లీసెకండ్లు మొద్దుబారితే యంత్రానికి పనికిరాదు. ప్రతిసారీ 40 మైక్రోసెకండ్లు తీసుకుని, ఎన్నడూ 60 దాటని పాత కంప్యూటర్ పనికొస్తుంది. అందుకే ఇక్కడ సగటును పట్టించుకోం. గరిష్ఠ ఆలస్యం ఒక్కటే లెక్క.

1వ అడుగు: పనులను గడువుల వారీగా విడగొట్టండి

ఒక కాగితం తీసుకుని యంత్రం చేసే పనులన్నీ రాసి, ప్రతిదాని పక్కన గడువు వెయ్యండి. మామూలు యంత్రంలో అవి ఇంచుమించు ఇలా ఉంటాయి.

- ఆపరేటర్ స్క్రీన్, బటన్లు, ఫైల్ తెరవడం: 50 నుంచి 100 మిల్లీసెకండ్లు. ఏ ఓఎస్ అయినా చాలు.
- కదలిక మార్గం లెక్కకట్టడం: 1 నుంచి 10 మిల్లీసెకండ్లు.
- సర్వో పొజిషన్ లూప్ (మోటారు ఎక్కడుందో చదివి సరిదిద్దే పని పదేపదే జరిగే చక్రం): 1 మిల్లీసెకండ్, జోరైన యంత్రాల్లో 250 మైక్రోసెకండ్లు.
- మోటారు కరెంట్ లూప్: 50 నుంచి 100 మైక్రోసెకండ్లు. దీన్ని డ్రైవ్ (మోటారుకు కరెంటు అందించే పెట్టె) తానే చూసుకుంటుంది.
- స్టెప్పర్ మోటారుకు (పల్స్‌కు ఒక్క అడుగు చొప్పున తిరిగేది) పల్స్‌లు: 10 నుంచి 50 మైక్రోసెకండ్లు.
- ఎన్‌కోడర్ (మోటారు ఎంత తిరిగిందో చెప్పే సెన్సర్) లెక్కింపు: 1 లేదా 2 మైక్రోసెకండ్లు, ఒక్కోసారి అంతకన్నా తక్కువ.

చివరి అంకె దగ్గర కాస్త ఆగండి. 2500 గీతల ఎన్‌కోడర్ క్వాడ్రేచర్‌లో (ఒక్కో గీతకు నాలుగు కౌంట్లు) ఒక చుట్టుకు 10,000 కౌంట్లు ఇస్తుంది. మోటారు 3000 ఆర్‌పీఎంలో తిరిగితే సెకనుకు 50 చుట్లు, అంటే 5 లక్షల కౌంట్లు. ఒక్కో కౌంటుకు దక్కేది 2 మైక్రోసెకండ్లే. పీసీ మీద నడిచే ఏ సాఫ్ట్‌వేరూ దీన్ని నమ్మకంగా లెక్కపెట్టలేదు. ఓఎస్ మార్చి సాధించగలిగేది కాదిది, కౌంటర్ ఉన్న కార్డు పెట్టాల్సిందే.

గడువు పక్కనే ఇంకో గడి గీయండి: ఒక్కసారి తప్పితే ఏమవుతుంది? స్క్రీన్ ఒక క్షణం ఆగితే ఏమీ కాదు. స్టెప్ పల్స్ ఆలస్యమైతే ముక్క పాడవుతుంది. ప్రెస్ కిందికి దిగే ఆజ్ఞ రద్దు కావడం ఆలస్యమైతే మనిషికి దెబ్బ తగులుతుంది. ఈ మూడో రకం పని కంప్యూటర్‌లో ఉండకూడదు. దాని సంగతి 3వ అడుగులో.

2వ అడుగు: మీ యంత్రం లెక్క వెయ్యండి

స్టెప్పర్ యంత్రం తీసుకుందాం. మోటారుకు చుట్టుకు 200 స్టెప్పులు, డ్రైవర్‌లో 8 మైక్రోస్టెప్పులు: మొత్తం 1600. లెడ్‌స్క్రూ పిచ్ 5 మి.మీ. అయితే మిల్లీమీటరుకు 320 స్టెప్పులు. నిమిషానికి 3000 మి.మీ. వేగం కావాలంటే సెకనుకు 50 మి.మీ., అంటే 16,000 స్టెప్పులు. ఒక స్టెప్పుకూ తర్వాతి స్టెప్పుకూ మధ్య 62.5 మైక్రోసెకండ్లు.

ఇప్పుడు పల్స్‌లను సాఫ్ట్‌వేర్‌తోనే ఇస్తున్నారనుకోండి. థ్రెడ్ (ప్రోగ్రాంలో విడిగా నడిచే ఒక పని) 25 మైక్రోసెకండ్లకోసారి లేస్తుంది. ఒక విడతలో పల్స్ ఎత్తాలి, తర్వాతి విడతలో దించాలి, కాబట్టి అత్యధికంగా సెకనుకు 20,000 స్టెప్పులు. మనకు కావలసింది 16,000 కనుక సరిపోతుందనిపిస్తుంది. సరిపోదు. 62.5 అనేది 25కి గుణిజం కాదు. థ్రెడ్ లేచినప్పుడే పల్స్ ఇవ్వగలదు కాబట్టి స్టెప్పుల మధ్య ఎడం ఒకసారి 50, ఒకసారి 75 మైక్రోసెకండ్లు వస్తుంది. సగటు సరిగ్గానే ఉంటుంది. మోటారు కళ్లతో చూస్తే మాత్రం ఒక స్టెప్పు 20,000 వేగంతో, తర్వాతిది 13,333 వేగంతో వస్తోంది. దీనికి 15 మైక్రోసెకండ్ల జిట్టర్ (లేవాల్సిన క్షణం నుంచి అటూ ఇటూ జరగడం) తోడైతే ఎడం 35 నుంచి 90 మధ్య ఊగుతుంది. వేగం పెరిగేకొద్దీ టార్క్ (తిప్పే బలం) తగ్గే మోటారు ఇంత ఊగిసలాటను తట్టుకోలేదు. ముందు గుర్రుమంటుంది, ఆపైన స్టెప్పులు జారవిడుస్తుంది. స్టెప్పర్‌కు వెనక్కి చెప్పే దారి లేదు గనుక కంట్రోలర్‌కు ఈ సంగతి తెలియదు. ముక్క కొలిచినప్పుడే బయటపడుతుంది.

అదే యంత్రంలో మైక్రోస్టెప్పులు 4కు తగ్గిస్తే స్టెప్పుల ఎడం 125 మైక్రోసెకండ్లు, అంటే కచ్చితంగా 5 విడతలు. అదే 15 మైక్రోసెకండ్ల జిట్టర్ ఇప్పుడు ఎనిమిదో వంతు మాత్రమే. ఓఎస్ ముట్టుకోకుండానే సమస్య తీరింది. అందుకే లెక్క ముందు, ఎంపిక తర్వాత అంటున్నాం.

సర్వో యంత్రంలో ఆలస్యం వేరే రూపంలో కనిపిస్తుంది. లూప్ 1 మిల్లీసెకండ్, కదలిక సెకనుకు 100 మి.మీ. అనుకుంటే ఒక్కో విడతలో 0.1 మి.మీ. జరుగుతుంది. ఒక విడత 100 మైక్రోసెకండ్లు ఆలస్యమైతే ఎన్‌కోడర్ 10 మైక్రాన్లు ఎక్కువ చూపిస్తుంది. యంత్రం సరైన చోటే ఉంది, చదివిన సమయమే తప్పు. కంట్రోలర్ దాన్ని నిజమైన దోషమనుకుని సరిదిద్దబోతుంది. డెరివేటివ్ గెయిన్ (దోషం మారే వేగాన్ని బట్టి సరిదిద్దే పాలు) ఉంటే ఆ దోషం ఇంకా పెద్దదై మోటారు జుమ్మంటుంది. ఇలాంటి యంత్రం ముందు కూర్చుని రోజుల తరబడి పీఐడీ (దోషాన్ని సరిదిద్దే లెక్క) ట్యూన్ చేస్తుంటారు. అది ట్యూనింగ్‌తో పోయే జబ్బు కాదు.

లూప్ విరామంలో పదో వంతుకు మించని గరిష్ఠ జిట్టర్: ఇది చాలా యంత్రాలకు పనికొచ్చే కొలబద్ద. 1 మిల్లీసెకండ్ లూప్‌కు 100 మైక్రోసెకండ్లు, 250 మైక్రోసెకండ్ల లూప్‌కు 25. ఎన్‌కోడర్ విలువను కార్డు తన సొంత గడియారంతో ఒకే క్షణాన పట్టి ఉంచితే కొంత వెసులుబాటు దొరుకుతుంది. మెసా కంపెనీ యంత్ర నియంత్రణ కార్డుల్లో డీపీఎల్ఎల్, ఈథర్‌క్యాట్‌లో (యంత్రాల కోసం చేసిన ఈథర్‌నెట్ పద్ధతి) డిస్ట్రిబ్యూటెడ్ క్లాక్స్ చేసేది ఈ పనే.

3వ అడుగు: ఓఎస్ భారం తగ్గించండి

ఈ అడుగు మీద పెట్టే శ్రమ మిగతా అన్నింటికన్నా ఎక్కువ ఫలితమిస్తుంది. 50 మైక్రోసెకండ్ల కన్నా చిన్న గడువు ఉన్న ప్రతి పనినీ హార్డ్‌వేర్ మీదికి నెట్టండి. దారులు ఇవి:

ఎఫ్‌పీజీఏ (లోపలి సర్క్యూట్‌ను మనమే అమర్చుకోగల చిప్) ఉన్న కార్డు, ఉదాహరణకు మెసా 7ఐ76ఈ లాంటివి, స్టెప్ పల్స్‌లు తానే పుట్టిస్తుంది, ఎన్‌కోడర్లు తానే లెక్కపెడుతుంది. పీసీ 1 మిల్లీసెకండ్‌కోసారి ఈథర్‌నెట్ మీద వేగం పంపితే చాలు. ఈథర్‌క్యాట్ సర్వో డ్రైవ్‌లు పెడితే కరెంట్, వేగం లూప్‌లు డ్రైవ్‌లోనే ఉంటాయి. బీగల్‌బోన్ బోర్డులో ప్రధాన ప్రాసెసర్ పక్కనే పీఆర్‌యూ అనే రెండు చిన్న కోర్‌లున్నాయి. 200 మెగాహెర్ట్జ్‌లో, ఒక్కో ఆజ్ఞకు 5 నానోసెకండ్లతో, ఏ ఓఎస్ జోక్యమూ లేకుండా నడుస్తాయి.

3డీ ప్రింటర్లలో వాడే క్లిప్పర్ అనే సాఫ్ట్‌వేర్ మరో దారి చూపింది. రియల్‌టైమ్ కాని మామూలు లైనక్స్ బోర్డు ప్రతి స్టెప్పు ఏ క్షణాన పడాలో ముందే లెక్కకట్టి మైక్రోకంట్రోలర్‌కు పంపుతుంది. అది తన గడియారం చూసుకుని పల్స్ ఇస్తుంది. మధ్యలో లైనక్స్ కొన్ని మిల్లీసెకండ్లు తడబడినా ఫర్వాలేదు. అయితే ముందే తెలిసిన మార్గానికే ఇది చెల్లుతుంది. సెన్సర్ చూసి వెంటనే కదలిక మార్చాల్సిన యంత్రంలో ముందుగా పంపి ఉంచిన ఆ ఆజ్ఞల వరుసే ఆలస్యానికి కారణమవుతుంది.

ఎమర్జెన్సీ స్టాప్ విషయంలో బేరం లేదు. ఆ బటన్ వైరు నేరుగా సేఫ్టీ రిలేకు వెళ్లాలి, రిలే డ్రైవ్‌ల పవర్‌నో సేఫ్ టార్క్ ఆఫ్ (మోటారుకు తిప్పే బలం అందకుండా చేసే) ఇన్‌పుట్‌నో తెంచాలి. యంత్రాల విద్యుత్ భద్రతా ప్రమాణం ఐఈసీ 60204-1 చెప్పే స్టాప్ కేటగిరీ 0 అంటే పవర్ వెంటనే తీసెయ్యడం, 1 అంటే అదుపులో ఆపి ఆ తర్వాత తీసెయ్యడం. నిలువు అక్షం ఉంటే బ్రేక్ లేకుండా కేటగిరీ 0 పెట్టకండి, తల కింద పడుతుంది. కంప్యూటర్‌కు స్టాప్ నొక్కిన సంగతి తెలిస్తే చాలు, ఆపే అధికారం దాని చేతిలో ఉండకూడదు. దీంతోపాటు కార్డులో వాచ్‌డాగ్ పెట్టండి. మెసా కార్డుల ఫర్మ్‌వేర్ హోస్ట్‌మోట్2లో డిఫాల్ట్ 5 మిల్లీసెకండ్లు: అంతసేపు పీసీ పలకకపోతే కార్డు అవుట్‌పుట్‌లు ఆపేస్తుంది. “ఊరికే ట్రిప్ అవుతోంది” అని ఈ గడువు పెంచేవాళ్లున్నారు. ట్రిప్ అవుతోందంటే లేటెన్సీ (స్పందించడంలో ఆలస్యం) చెడిందని అర్థం, అక్కడ వెతకాలి.

4వ అడుగు: ఓఎస్ కుటుంబాల్లోంచి ఏరుకోండి

ఓఎస్ లేకుండా. యంత్రం చిన్నది, పని ఒక్కటే అయితే ఇదే మేలు. జీఆర్‌బీఎల్ అనే సీఎన్‌సీ ప్రోగ్రాం 16 మెగాహెర్ట్జ్ ఏటీమెగా328పీ చిప్ మీద ఏ ఓఎస్ లేకుండా సెకనుకు 30,000 స్టెప్పులిస్తుంది. స్క్రీన్, నెట్‌వర్క్, లాగ్‌లు చేర్చాలనుకున్న రోజున ఈ దారి ఇరుకవుతుంది.

చిన్న ఆర్‌టీఓఎస్ (రియల్‌టైమ్ ఓఎస్). ఫ్రీఆర్‌టీఓఎస్, జెఫిర్, థ్రెడ్‌ఎక్స్. ఇవి మైక్రోకంట్రోలర్ల కోసం పుట్టినవి. కార్టెక్స్ ఎం4 చిప్‌లో ఇంటరప్ట్ (చేస్తున్న పని ఆపి వెంటనే చూడమనే పిలుపు) లోపలికి రావడానికి 12 క్లాక్‌లు పడుతుంది. 168 మెగాహెర్ట్జ్‌లో అది దాదాపు 71 నానోసెకండ్లు. ఏ పీసీకీ ఇది అందదు. ఫ్రీఆర్‌టీఓఎస్ 2003 నుంచి ఉంది, ఎంఐటీ లైసెన్సు, నేర్చుకోవడం తేలిక. జెఫిర్‌ను 2016లో లైనక్స్ ఫౌండేషన్ మొదలుపెట్టింది. నెట్‌వర్క్, బ్లూటూత్, డ్రైవర్లు అందులోనే వస్తాయి, బదులుగా డివైస్ ట్రీ (బోర్డులోని హార్డ్‌వేర్‌ను వివరించే ఫైల్), బిల్డ్ వ్యవస్థ నేర్చుకోవాలి. కార్టెక్స్ ఎం మీద ఫ్రీఆర్‌టీఓఎస్ వాడేవాళ్లు తరచూ పడే గొయ్యి ఒకటుంది. ఆ చిప్‌లలో ఇంటరప్ట్ ప్రాధాన్యం అంకె ఎంత చిన్నదైతే అంత పెద్దపీట. రీసెట్ తర్వాత అన్నీ 0 మీద, అంటే అన్నింటికన్నా పైన ఉంటాయి. ఫ్రీఆర్‌టీఓఎస్ ఫంక్షన్లు పిలిచే ఇంటరప్ట్ మాత్రం కాన్ఫిగ్ ఫైల్లో పెట్టిన సిస్‌కాల్ పరిమితికి కిందే (అంకె దానికి సమానంగానో పెద్దగానో) ఉండాలి. అంకె పెట్టడం మరిచిపోతే ప్రోగ్రాం గంటలపాటు బాగానే నడిచి ఎక్కడో కూలుతుంది. కాన్ఫిగ్ అసర్ట్ (తప్పు కనబడగానే ప్రోగ్రాంను ఆపే తనిఖీ) ఆన్ చేసి ఉంచితే మొదటి నిమిషంలోనే దొరికిపోతుంది.

లైనక్స్, ప్రీఎంప్ట్ ఆర్‌టీతో. పీసీ స్థాయి యంత్ర కంట్రోలర్‌కు ఈ రోజు మేము ముందుగా సూచించేది ఇదే. ఇంటరప్ట్ హ్యాండ్లర్లను థ్రెడ్‌లుగా మార్చి, కెర్నల్‌లోని (ఓఎస్ మూలభాగం) స్పిన్‌లాక్‌లలో (ఖాళీ అయ్యేదాకా తిరుగుతూ ఎదురుచూసే తాళాలు) చాలావాటిని ప్రాధాన్య వారసత్వం (లాక్ పట్టుకున్నదానికి, ఎదురుచూసేదాని ప్రాధాన్యం తాత్కాలికంగా ఇవ్వడం) ఉన్న లాక్‌లుగా మార్చి, దాదాపు ఎక్కడైనా కెర్నల్‌ను పక్కకు నెట్టి మీ థ్రెడ్ నడిచేలా చేస్తుందిది. చాలా ఏళ్లు ప్యాచ్‌గా తిరిగి, 2024 నవంబరులో వచ్చిన 6.12తో ప్రధాన కెర్నల్‌లో చేరింది. బాగా అమర్చిన పీసీలో గరిష్ఠ ఆలస్యం పదుల మైక్రోసెకండ్లలో ఉంటుంది. 1 మిల్లీసెకండ్ లూప్‌కు నిశ్చింత, 250 మైక్రోసెకండ్లకు జాగ్రత్తగా ఏరిన హార్డ్‌వేర్ కావాలి.

జంట కెర్నల్. ఆర్‌టీఏఐ, జెనోమాయ్ ఈ కోవలోవి. లైనక్స్ పక్కనే చిన్న రియల్‌టైమ్ కెర్నల్ నడుస్తూ ఇంటరప్ట్‌లను ముందు తానే అందుకుంటుంది. ఆలస్యం ఇంకాస్త తగ్గుతుంది. సాఫ్ట్‌వేర్‌తో స్టెప్ పల్స్‌లు ఇచ్చే లైనక్స్‌సీఎన్‌సీ (లైనక్స్ మీద నడిచే సీఎన్‌సీ ప్రోగ్రాం) యంత్రాలకు ఆర్‌టీఏఐ ఇప్పటికీ నప్పుతుంది. ధర చెల్లించేది ఇంకోచోట: ప్రత్యేక కెర్నల్, ప్రత్యేక డ్రైవర్లు. జెనోమాయ్ థ్రెడ్ నుంచి ఒక మామూలు లైనక్స్ కాల్ చేస్తే అది చడీచప్పుడు లేకుండా లైనక్స్ వైపు జారిపోయి రియల్‌టైమ్ కోల్పోతుంది. కచ్చితమైన అవసరం అంకెల్లో కనబడితే తప్ప కొత్త యంత్రానికి ఇటు రాకండి.

వాణిజ్య ఆర్‌టీఓఎస్. వీఎక్స్‌వర్క్స్, క్యూఎన్‌ఎక్స్, ఇంటెగ్రిటీ. ఐఈసీ 61508 లాంటి భద్రతా ప్రమాణాల కింద ధ్రువపత్రం కావాలంటే దాదాపుగా ఇక్కడికే రావాలి, ఎందుకంటే ధ్రువీకరించిన కూర్పు, దాని పత్రాలు వీళ్లే అమ్ముతారు. క్యూఎన్‌ఎక్స్ మైక్రోకెర్నల్, డ్రైవర్లు విడి ప్రాసెస్‌లు. ఒక డ్రైవర్ కూలినా కెర్నల్ నిలబడుతుంది. కొనేముందు డెవలప్‌మెంట్ లైసెన్సు, యంత్రానికి ఇంత అనే రన్‌టైమ్ లైసెన్సు రెండూ విడివిడిగా అడగండి.

విండోస్. ఒంటరిగా పనికిరాదు. డిఫాల్ట్ టైమర్ విడతే 15.6 మిల్లీసెకండ్లు. దాన్ని 1 మిల్లీసెకండ్‌కు దించినా గరిష్ఠానికి హామీ లేదు. మాక్3 లాంటి సీఎన్‌సీ ప్రోగ్రాంలు సొంత డ్రైవర్‌తో పారలల్ పోర్ట్ నడిపేవి, ఆ డ్రైవర్ 64 బిట్ విండోస్‌లో పనిచెయ్యదు. విండోస్ స్క్రీన్ తప్పనిసరైతే ట్విన్‌క్యాట్, ఆర్‌టీఎక్స్64, ఇన్‌టైమ్ ఉన్నాయి. కొన్ని కోర్‌లను విండోస్ నుంచి విడదీసి రియల్‌టైమ్‌కు ఇస్తాయి. పీఎల్‌సీ (పరిశ్రమల్లో వాడే కంట్రోలర్) భాషలు తెలిసిన బృందం, ఈథర్‌క్యాట్ డ్రైవ్‌లు ఉంటే ట్విన్‌క్యాట్‌తో పని త్వరగా తెములుతుంది, కానీ ఒకే సంస్థకు కట్టుబడిపోతారు.

ఇక మీ అంకె పట్టుకుని చూడండి. తప్పించలేని గడువు 10 మైక్రోసెకండ్ల లోపుంటే ఎఫ్‌పీజీఏ లేదా మైక్రోకంట్రోలర్. 25 నుంచి 100 మధ్య పీసీలోనే చెయ్యాల్సివస్తే ఆర్‌టీఏఐ, జెనోమాయ్; అంతకన్నా పనిని కార్డు మీదికి నెట్టడం మంచిది. 250 మైక్రోసెకండ్ల నుంచి పైకి ప్రీఎంప్ట్ ఆర్‌టీ, లేదా విండోస్‌కు తోడొచ్చే రియల్‌టైమ్ విస్తరణ. ధ్రువపత్రం కావాలంటే అంకెతో పనిలేదు, వాణిజ్య ఆర్‌టీఓఎస్.

5వ అడుగు: కంప్యూటర్ ఎంపిక, బయోస్

ఒకే ఓఎస్ రెండు మదర్‌బోర్డుల మీద పదింతల తేడాతో నడవగలదు. ముఖ్య కారణం ఎస్‌ఎంఐ, సిస్టమ్ మేనేజ్‌మెంట్ ఇంటరప్ట్. బోర్డు ఫర్మ్‌వేర్ ప్రాసెసర్‌ను ఓఎస్‌కు చెప్పకుండా లాక్కుని తన పని చూసుకుని తిరిగిస్తుంది. ఏ కెర్నలూ దీన్ని ఆపలేదు. ల్యాప్‌టాప్‌లు బ్యాటరీ, వేడి, మూత కోసం దీన్ని విరివిగా వాడతాయి కనుక వాటిని యంత్రానికి పెట్టకండి. వర్చువల్ మెషీన్ కూడా వద్దు.

బయోస్‌లో మార్చాల్సినవి: సీ స్టేట్స్, సీ1ఈ (ఖాళీగా ఉన్నప్పుడు ప్రాసెసర్ నిద్ర స్థాయులు) ఆఫ్, స్పీడ్‌స్టెప్ లేదా కూల్ అండ్ క్వయిట్ ఆఫ్, టర్బో ఆఫ్, హైపర్‌థ్రెడింగ్ ఆఫ్, పీసీఐ ఎక్స్‌ప్రెస్ పవర్ పొదుపు ఆఫ్. యూఎస్‌బీ లెగసీ సపోర్ట్ ఆఫ్ చేస్తే ఎస్‌ఎంఐలు తగ్గొచ్చు. కాకపోతే కొన్ని బోర్డుల్లో బూట్ మెనూలో యూఎస్‌బీ కీబోర్డు పలకదు, ముందే చూసుకోండి. ఎస్‌ఎంఐలను సాఫ్ట్‌వేర్‌తో మొత్తంగా మూసేసే చిట్కాలు కనిపిస్తాయి. కొన్ని బోర్డుల్లో వేడి నుంచి ప్రాసెసర్‌ను కాపాడేది వాటితోనే. బోర్డు మార్చుకోవడమే సరైన పని.

6వ అడుగు: కెర్నల్ అమర్చడం

డెబియన్‌లో ప్రీఎంప్ట్ ఆర్‌టీ కెర్నల్ సిద్ధంగా దొరుకుతుంది, ప్యాకేజీ పేరు లైనక్స్-ఇమేజ్-ఆర్‌టీ-ఏఎండీ64. పెట్టాక రీబూట్ చేసి యూనేమ్ -ఏ కొట్టి చూడండి. అందులో ప్రీఎంప్ట్_ఆర్‌టీ అని ఉండాలి. ప్రీఎంప్ట్_డైనమిక్ అని ఉంటే అది మామూలు కెర్నలే. బూట్ మెనూలో పాతదే ఎక్కింది.

నాలుగు కోర్‌ల కంప్యూటర్ అయితే రెండింటిని యంత్రానికి కేటాయించండి: బూట్ వరుసలో ఐసోల్‌సీపీయూస్=2,3. ఇంటరప్ట్‌లు 0, 1 కోర్‌లకే వెళ్లేలా ఐఆర్‌క్యూ అఫినిటీ పెట్టి, ఐఆర్‌క్యూ బ్యాలెన్స్ సర్వీసు తీసెయ్యండి. లేకపోతే మీరు పెట్టినదాన్ని అది మళ్లీ చెదరగొడుతుంది. సీపీయూ గవర్నర్‌ను (ప్రాసెసర్ వేగం నిర్ణయించేది) పెర్ఫార్మెన్స్‌లో ఉంచండి.

ఈథర్‌నెట్ కార్డుతో యంత్రం నడిపేవారికి ఇంకో రెండు పనులున్నాయి. ఆ పోర్టు యంత్రానికే ప్రత్యేకం కావాలి, ఇంటర్నెట్‌కు వేరే పోర్టు వాడండి. ఇంటెల్ నెట్‌వర్క్ చిప్‌లు ప్యాకెట్లను కాసేపు పోగుచేసి ఒకేసారి ఇంటరప్ట్ ఇస్తాయి. ఈథ్‌టూల్‌తో ఆర్‌ఎక్స్-యూసెక్స్ విలువ 0 చేస్తే ప్యాకెట్ రాగానే అందుతుంది. ఈ ఒక్క మార్పుతో “రీడ్ టైమౌట్” దోషాలు మాయమైన యంత్రాలు చాలా ఉంటాయి.

7వ అడుగు: కొలవండి

సాధనం సైక్లిక్‌టెస్ట్, థ్రెడ్ అనుకున్న క్షణానికన్నా ఎంత ఆలస్యంగా లేస్తోందో కొలుస్తుంది. మెమరీ లాక్ చేసి, ప్రతి కోర్ మీద ఒక థ్రెడ్, ప్రాధాన్యం 80, విరామం 200 మైక్రోసెకండ్లు, హిస్టోగ్రామ్ 400 వరకు పెట్టి 24 గంటలు నడపండి. ఒక్కో కోర్‌కు 43.2 కోట్ల కొలతలు వస్తాయి. పది నిమిషాల పరీక్షతో సంతృప్తిపడితే, గంటకోసారి వచ్చే దెబ్బ యంత్రం ముక్క కోస్తున్నప్పుడు తగులుతుంది.

ఖాళీగా కూర్చున్న కంప్యూటర్‌ను కొలిచి లాభం లేదు. స్ట్రెస్-ఎన్‌జీతో ప్రాసెసర్, మెమరీ, డిస్క్ మూడింటినీ తిప్పండి. పెద్ద ఫైళ్లు కాపీ చెయ్యండి, నెట్‌వర్క్ నింపండి, జీఎల్‌ఎక్స్‌గేర్స్ అనే గ్రాఫిక్స్ ప్రోగ్రాం రెండు మూడుసార్లు తెరిచి కిటికీలను అటూ ఇటూ లాగండి, యూఎస్‌బీ పెన్‌డ్రైవ్ పెట్టి తీయండి. ఆపరేటర్ ఏమేం చెయ్యగలడో అన్నీ చెయ్యండి. లైనక్స్‌సీఎన్‌సీ వాడేవారికి లేటెన్సీ-టెస్ట్ అనే సొంత సాధనం ఉంది. అందులో గరిష్ఠ జిట్టర్ 15 నుంచి 20 మైక్రోసెకండ్ల లోపుంటే సాఫ్ట్‌వేర్ స్టెప్పులకు చాలా బాగుంటుంది. 30 నుంచి 50 అయితే నడుస్తుంది, వేగం తగ్గుతుంది. 100 దాటితే సాఫ్ట్‌వేర్ స్టెప్పులు వదిలేసి కార్డు పెట్టాలి. 1 మిల్లీసెకండ్ దాటితే ఆ కంప్యూటర్ ఏ విధంగానూ పనికిరాదు.

హిస్టోగ్రామ్ చూసేటప్పుడు గుంపును కాదు, తోకను చూడండి. కోట్ల కొలతలు 3 నుంచి 12 మైక్రోసెకండ్ల మధ్య గుట్టగా ఉండి, ఎక్కడో 212 దగ్గర ఒక్క కొలత కనిపిస్తుంది. చాలామంది దాన్ని పొరపాటుగా వచ్చిందని కొట్టిపారేస్తారు. వెతకాల్సింది ఆ ఒక్కదాన్నే. అది ఎప్పుడొస్తుందో గమనిస్తే కారణం దొరుకుతుంది:

- కంప్యూటర్ ఖాళీగా ఉన్నప్పుడు ఎక్కువ, పనిలో ఉన్నప్పుడు తక్కువ: సీ స్టేట్స్ ఇంకా ఆన్‌లో ఉన్నాయి. ప్రాసెసర్ నిద్ర లేవడానికి సమయం పడుతోంది.
- కచ్చితమైన విరామంతో, ఏ పనితోనూ సంబంధం లేకుండా: ఎస్‌ఎంఐ. హెచ్‌డబ్ల్యూలాట్‌డిటెక్ట్ నడపండి. అది ఇంటరప్ట్‌లు మూసి గడియారాన్ని చదువుతూనే ఉంటుంది. అయినా ఖాళీ కనిపిస్తే ఆ సమయం కాజేసింది హార్డ్‌వేరే.
- కిటికీ లాగినప్పుడు, వీడియో నడిచినప్పుడు: గ్రాఫిక్స్ డ్రైవర్. సోర్స్ ఇవ్వని కంపెనీ డ్రైవర్ తీసి కెర్నల్‌తో వచ్చేది వాడండి, లేదా ఇంకో కార్డు పెట్టండి.
- అన్నీ కొంచెం కొంచెం ఎక్కువ: గడియారం మూలం టీఎస్‌సీ (ప్రాసెసర్ లోపలి గడియారం) నుంచి హెచ్‌పీఈటీకి (ప్రాసెసర్ బయటి గడియారం) మారిందేమో చూడండి. హెచ్‌పీఈటీని చదవడమే నెమ్మది.

8వ అడుగు: మీ ప్రోగ్రాం ఓఎస్‌ను చెడగొట్టకుండా చూడండి

సైక్లిక్‌టెస్ట్ 20 మైక్రోసెకండ్లు చూపించి, మీ ప్రోగ్రాంలో 2 మిల్లీసెకండ్లు కనిపిస్తే తప్పు ఓఎస్‌ది కాదు. మొదటి అనుమానం పేజ్ ఫాల్ట్ (కావలసిన మెమరీ సిద్ధంగా లేక ఓఎస్ తెచ్చేదాకా ఆగడం) మీద. ఎంలాక్ఆల్ (మెమరీని కదలకుండా పట్టి ఉంచే కాల్) పిలిచి, స్టాక్‌ను మొదట్లోనే ఒకసారి తాకి, మెమరీ మొత్తం లూప్ మొదలవక ముందే తీసుకోండి. లూప్‌లో మాలాక్ (కొత్త మెమరీ అడగడం), ప్రింట్‌ఎఫ్, ఫైల్ రాత ఉండకూడదు. లాగ్ కావాలంటే లాక్ లేని రింగ్ బఫర్‌లో పడేసి మామూలు థ్రెడ్‌తో రాయించండి.

విరామానికి నిద్రపోయేటప్పుడు “ఇప్పటి నుంచి 1 మిల్లీసెకండ్” అనకండి. ప్రతి విడతలో లెక్కకు పట్టిన సమయం కలిసి లూప్ మెల్లగా జారిపోతుంది. క్లాక్_నానోస్లీప్‌కు టైమర్_యాబ్స్‌టైమ్ ఇచ్చి “ఫలానా క్షణానికి లేపు” అనండి.

ప్రాధాన్యం 99 వాడకండి. కెర్నల్ సొంత కాపలా థ్రెడ్‌లు అక్కడున్నాయి. 80 చాలు. ఇంటరప్ట్ థ్రెడ్‌లు డిఫాల్ట్‌గా 50 మీద ఉంటాయి. మీ థ్రెడ్ నెట్‌వర్క్ ప్యాకెట్ కోసం ఎదురుచూస్తుంటే, ఆ కార్డు ఇంటరప్ట్ థ్రెడ్‌ను కూడా పైకి తేవాలి. లేకపోతే పెద్ద ప్రాధాన్యమున్న మీ థ్రెడ్ చిన్నదాని వెనక నిలబడుతుంది.

చాలా కెర్నల్‌లలో రియల్‌టైమ్ థ్రెడ్‌లకు సెకనులో 95 శాతమే సమయం. షెడ్_ఆర్‌టీ_రన్‌టైమ్ విలువ 10,00,000కు 9,50,000. నిద్రపోకుండా తిరుగుతూ ఉండే లూప్ రాస్తే ప్రతి సెకనుకూ 50 మిల్లీసెకండ్లు ఆగుతుంది. ఆ లయ కనిపిస్తే కారణం ఇదే. పరిమితి ఎత్తెయ్యకండి, లూప్‌లో నిద్ర పెట్టండి.

ప్రాధాన్య విలోమం ఇంకా మోసకారి. చిన్న ప్రాధాన్యమున్న థ్రెడ్ లాక్ పట్టుకుని ఉంటుంది, పెద్దది దానికోసం ఆగుతుంది, ఈలోగా మధ్యస్థ ప్రాధాన్యమున్నది చిన్నదాన్ని నడవనివ్వదు. 1997లో అంగారకుడి మీద దిగిన పాత్‌ఫైండర్ నౌక వీఎక్స్‌వర్క్స్ మీద నడుస్తూ ఇదే కారణంతో పదేపదే రీసెట్ అయింది. లాక్‌కు ప్రాధాన్య వారసత్వం ఆన్ చేసి భూమి నుంచే సరిదిద్దారు. అంత పేరున్న ఆర్‌టీఓఎస్ మీదా ఇది జరిగిందంటే ఓఎస్ పేరు మిమ్మల్ని కాపాడదు. మీ మ్యూటెక్స్‌లకు (లాక్‌లకు) ప్రయో_ఇన్హెరిట్ పెట్టండి, డిఫాల్ట్‌గా అది ఉండదు.

9వ అడుగు: అంకెల్లో కనిపించనివి

యంత్రం పదిహేనేళ్లు నడుస్తుంది, పీసీ బోర్డు ఐదేళ్లలో మార్కెట్లోంచి పోవచ్చు. దీర్ఘకాలం దొరికే పారిశ్రామిక బోర్డు, దీర్ఘకాల మద్దతున్న కెర్నల్ తీసుకోండి. లైనక్స్ కెర్నల్‌కు జీపీఎల్ వెర్షన్ 2 లైసెన్సు. కెర్నల్‌ను యంత్రంతో అమ్మితే మీ మార్పులతో సహా దాని సోర్స్ ఇవ్వాలి. కెర్నల్ బయట నడిచే మీ అప్లికేషన్‌కు అది వర్తించదు. రెండు ఓఎస్‌లూ మీ గడువును అందుకుంటుంటే బృందానికి ఏది తెలుసో అదే తీసుకోండి.

10వ అడుగు: బిగించి అప్పగించడం

పరీక్ష నెగ్గిన కూర్పును అలాగే స్తంభింపజెయ్యండి. ఆటోమేటిక్ అప్‌డేట్లు ఆపి, కెర్నల్ ప్యాకేజీని హోల్డ్‌లో పెట్టి, బయోస్ సెట్టింగుల ఫోటోలు తీసి, డిస్క్ మొత్తం ఇమేజ్ చేసి రెండు చోట్ల దాచండి. వైఫై, బ్లూటూత్ అవసరం లేకపోతే బయోస్‌లోనే తీసెయ్యండి. భద్రతా ప్యాచ్‌లు రావు కనుక యంత్రాన్ని నేరుగా ఇంటర్నెట్‌కు తగిలించకుండా విడి నెట్‌వర్క్‌లో ఉంచండి.

నియంత్రణ థ్రెడ్ తన గరిష్ఠ ఆలస్యాన్ని తానే గుర్తుపెట్టుకునేలా రాయండి: ప్రతి విడతలో అనుకున్న క్షణానికీ లేచిన క్షణానికీ తేడా, ఇప్పటిదాకా చూసిన అతి పెద్దది, అది జరిగిన సమయం. ఆ అంకెను ఆపరేటర్ స్క్రీన్‌లో ఒక మూల చూపించండి. పరిమితిలో సగం దాటితే హెచ్చరిక, పరిమితి దాటితే యంత్రం అదుపులో ఆగాలి. ఫ్యాన్‌లో దుమ్ము పేరుకుని ప్రాసెసర్ వేడెక్కినా, ఎవరో కొత్త యూఎస్‌బీ కెమెరా తగిలించినా ముందు కదిలేది ఈ అంకే. బోర్డు, గ్రాఫిక్స్ కార్డు, బయోస్, కెర్నల్ వీటిలో ఏ ఒక్కటి మార్చినా 7వ అడుగును మళ్లీ 24 గంటలు నడిపాకే యంత్రానికి పవర్ ఇవ్వండి.